గాలి తుపాకీ... గీత దాటితే వేటే!

ఒకే గాలి. ఒకచోట బెలూన్ పేలుస్తుంది. ఇంకోచోట ఒలింపిక్ పతకం తెస్తుంది. మరోచోట నిలువెత్తు జింకను నేలకూలుస్తుంది. హైటెక్ సిటీ కుర్రకారును ఊరిస్తున్న ఎయిర్ రైఫిల్ కొనేముందు ఆ తేడా తెలుసుకోవాల్సిందే.

నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లిన పిల్లలు బెలూన్ల స్టాల్ దగ్గర ఆగకుండా ముందుకు కదలరు. టప్పున ఓ బెలూన్ పేలితే చాలు, ఇంటికెళ్లేదాకా అదే ముచ్చట. చాలామందికి గాలి తుపాకీతో తొలి పరిచయం అక్కడే. అందుకే అదో ఆటవస్తువనే అభిప్రాయం మనసులో పాతుకుపోతుంది.

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో నాలుగేళ్లు ఉద్యోగం చేసొచ్చిన ఇంజినీరును అడగండి. కథ ఇంకోలా ఉంటుంది. అక్కడి దుకాణాల్లో అర అంగుళం తూటా పేల్చే ఎయిర్ రైఫిళ్లు బారులుతీరి ఉంటాయి. టెక్సాస్‌లో 2018 నుంచి వాటితో జింకల వేటకీ అనుమతి ఉంది. గొట్టం వ్యాసం 0.30 అంగుళాలకు తగ్గకూడదు, తూటా దెబ్బ కనీసం 215 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు 290 జౌళ్లు ఉండాలి అన్నది అక్కడి నిబంధన. బలహీనమైన దెబ్బతో జంతువు గాయపడి, రోజుల తరబడి నరకయాతన పడకూడదని ఈ ఏర్పాటు.

మన చట్టం చెప్పేది దీనికి పూర్తిగా తిరకాసు. అక్కడ ‘ఇంతకు తగ్గకూడదు’ అంటే, ఇక్కడ ‘ఇంతకు మించకూడదు’!

రెండే రెండు అంకెలు

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే. ఒకటి 4.5 మిల్లీమీటర్లు. రెండోది 20 జౌళ్లు. గొట్టం వ్యాసం మొదటిదాన్ని దాటినా, తూటా శక్తి రెండోదాన్ని దాటినా అది లైసెన్సు ఉండాల్సిన ఆయుధమే. ఈ రెండింటికీ లోబడిన రైఫిల్‌ని గుర్తింపు, చిరునామా పత్రాలు చూపించి కొనుక్కోవచ్చు.

ఇరవై జౌళ్లంటే ఎంత? రెండు కిలోల రాయిని మీటరు ఎత్తునుంచి వదిలితే నేలకు తగిలే దెబ్బంత. టెక్సాస్ అడిగే 290 జౌళ్లో? పాతిక కిలోల బియ్యం బస్తా నాలుగడుగుల ఎత్తునుంచి పడ్డట్టు! ఆ బరువంతా వేలి మందం లేని ఓ సీసపు ముక్క మొనమీదే పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇంత శక్తి ఎక్కడిది? మామూలు ఎయిర్ గన్‌లో స్ప్రింగు ఉంటుంది. గొట్టాన్ని వంచితే అది ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఒక్కసారిగా విడివడి, ముందున్న గాలిని నెట్టి పెల్లెట్‌ను తోస్తుంది. పెద్ద రైఫిళ్ల పద్ధతి వేరు. వాటికి చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో కారు టైరులో ఉండే ఒత్తిడికి వంద రెట్లు దాకా గాలిని కుక్కుతారు. వాల్వు తెరుచుకున్న క్షణంలో ఆ గాలే మందుగుండు పని చేసేస్తుంది.

ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు. గిరార్డోని అనే ఆయన రూపొందించిన గాలి తుపాకీని ఆస్ట్రియా సైన్యం 1780ల నుంచే వాడింది. దాని మడమ భాగమే గాలి డబ్బా. అది నిండాలంటే చేతిపంపు సుమారు 1,500 సార్లు కొట్టాలి! నిండిందంటే మాత్రం ఇరవై గుళ్లు వరసగా పేల్చొచ్చు. పొగ రాదు. 1804లో అమెరికా పడమటి తీరానికి దారి వెతుకుతూ బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం ఓ గాలి తుపాకీని వెంట తీసుకెళ్లి, దారిలో ఎదురైన తెగలవారికి పేల్చి చూపించి అబ్బురపరిచింది.

వేట కాలం పోయింది

వేట హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరుమోసినవాడు. ఆయన కొలువులోని రాజా దీన్‌దయాళ్ తీసిన షికారు ఫొటోలు ఇప్పటికీ ఆనాటి వైభవాన్ని కళ్లకు కడతాయి. ఆ రోజులు ఎప్పుడో వెళ్లిపోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సరదా వేటకు తలుపులు మూసేసింది. ఒకనాటి నిజాం వేటస్థలమైన వనస్థలిపురం అడవి ఇవాళ కృష్ణజింకల జాతీయ ఉద్యానవనం.

ఐటీ కారిడార్‌లోనూ జంతువులకు కొదవలేదు. సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో చుక్కల జింకలు తిరుగుతాయి, నెమళ్లు పురివిప్పుతాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపేసినప్పుడు అవి దేశమంతటా వార్తల్లోకెక్కాయి. అపార్టుమెంటు బాల్కనీ నుంచి సరదాగా నెమలిమీద గురిపెట్టినా కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. జరిమానా పాతికవేలకు తగ్గదు. వీధికుక్కను కొట్టి చంపినా భారతీయ న్యాయసంహితలోని 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. తుపాకీకి లైసెన్సు అక్కర్లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. లైసెన్సు లేకపోవడం తుపాకీకే, వేటకు కాదు.

మరి పొలాలను పాడుచేసే అడవిపందుల మాటేమిటి? అక్కడా ఎవరిష్టం వారిది కాదు. ప్రభుత్వ అనుమతి ఉండాలి, అది ఇచ్చిన షరతుల మేరకే కాల్చాలి.

గురి కుదిరితే గచ్చిబౌలిలోనే

తుపాకీమీద మోజు తప్పేం కాదు. దాన్ని సరైన దారి పట్టించాలంతే. ఆ దారి కూడా ఐటీ కారిడార్‌లోనే ఉంది. 2002 జాతీయ క్రీడలకోసం గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజి ఏర్పాటైంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. మన నగరం అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఓ స్వర్ణంతో కలిపి నాలుగు పతకాలు తెచ్చింది.

విశేషమేంటంటే ఒలింపిక్ ఎయిర్ రైఫిల్ కూడా 4.5 మిల్లీమీటర్లదే. దాని శక్తి ఎనిమిది జౌళ్లకు అటూఇటూ, అంటే చట్టం గీసిన గీతలో సగం కూడా కాదు! అయినా పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్కను కొట్టాలి. 75 నిమిషాల్లో 60 సార్లు. ఊపిరి బిగబట్టాలి, గుండెచప్పుడు సద్దుమణిగే సందు చూసి ట్రిగ్గర్ నొక్కాలి. పెద్ద తూటాకి కావాల్సింది బలం. చిన్న పెల్లెట్‌కి కావాల్సింది ఓపిక.

రోజంతా స్క్రీన్‌కి అతుక్కుపోయే ఉద్యోగులకూ, సెల్‌ఫోన్ వదలని పిల్లలకూ ఆ ఓపికే అసలైన బహుమతి.

కొనేముందు...

* గొట్టం వ్యాసం, శక్తి ఎంతో బిల్లులో రాయించుకోండి. 5.5 మిల్లీమీటర్లదైతే లైసెన్సు తప్పనిసరి.
* విదేశాల నుంచి పెద్ద ఎయిర్ రైఫిల్ సూట్‌కేసులో తెస్తే చిక్కుల్లో పడతారు.
* డాబామీద, బాల్కనీలో గురి వద్దు. పెల్లెట్ గోడకు తగిలి వెనక్కి రావచ్చు. కంటికి తగిలితే చూపు పోవచ్చు.
* ఇంట్లో తుపాకీ ఒకచోట, పెల్లెట్లు మరోచోట... రెండూ తాళంలో.
* పిల్లలకు మొదట శిక్షకుణ్ని చూపించండి. తుపాకీ సంగతి తర్వాత!