మీకు తెలుసా? గుంటూరు లాకప్ నుంచి వెనిస్ దాకా!

తమిళ దర్శకుడు వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ (2015) కథ మొదలైంది మన గుంటూరులోనే. కోయంబత్తూరుకు చెందిన ఆటోడ్రైవర్ ఎం. చంద్రకుమార్ కుర్రతనంలో బతుకుతెరువు వెతుక్కుంటూ గుంటూరు వచ్చారు. 1983లో చేయని దొంగతనం ఒప్పుకోమంటూ పోలీసులు ఆయన్నీ, స్నేహితుల్నీ చితకబాదారు. రోజుల తరబడి లాకప్, ఆపైన నెలల తరబడి జైలు. ఆ అనుభవాన్నే ఆయన ‘లాకప్’ పేరుతో పుస్తకంగా రాశారు.

సినిమా మొదటి సగం ఆ పుస్తకమే. కొట్టేవాళ్లు తెలుగులో అడుగుతారు, దెబ్బలు తినేవాళ్లకు తమిళం తప్ప రాదు. దెబ్బలకన్నా ఆ అయోమయమే ఎక్కువ భయపెడుతుంది. తెలుగు పోలీసు అధికారిగా మన అజయ్ ఘోష్ నటన చూసి తీరాల్సిందే. చెన్నైలో నడిచే రెండో సగం మాత్రం పుస్తకంలో లేదు, దర్శకుడు కలిపిందే. పాటలు అసలే లేవు. నిర్మాతల్లో ఒకరు హీరో ధనుష్ అయినా, తెర మీద ఆయన కనిపించరు.

2015 వెనిస్ చిత్రోత్సవంలో ఈ చిత్రానికి ఆమ్నెస్టీ ఇటలీ అవార్డు దక్కింది. ఆ వేడుకకు చంద్రకుమార్ కూడా వెళ్లారు. ఎడిటర్ కిషోర్ మాత్రం సినిమా పూర్తవకముందే, 2015 మార్చిలో కన్నుమూశారు. ఉత్తమ ఎడిటింగ్ జాతీయ అవార్డు ఆయనకు మరణానంతరం వచ్చింది. మరుసటి ఏడాది ఆస్కార్‌కు భారత్ పంపిన చిత్రం కూడా ఇదే.