మంచుసీమలలో పాముల శీతకాలము

పాము తన వేడిమిని తాను పుట్టించుకొనలేదు. పరిసరముల వేడియే దాని వేడి. అట్టి ప్రాణి నెలల తరబడి మంచు కప్పియుండు దేశములలో ఎట్లు బ్రదుకుచున్నది?

కెనడాలోని మానిటోబా రాష్ట్రమున, విన్నిపెగ్ నగరమునకు ఉత్తరముగా, నార్సిస్ అను చిన్న ఊరు కలదు. అచ్చటి ఎఱ్ఱప్రక్కల గార్టరు పాములు శరత్తు రాగానే, వేసవి గడపిన చిత్తడి నేలలను విడిచి, కొన్ని పదునెనిమిది ఇరువది కిలోమీటర్లు కూడ ప్రాకి, సున్నపురాతి గుంతలను చేరును. పాము తనంతట బిలము త్రవ్వుకొనలేదు గదా! మన పాములు చెదల పుట్టలలో దూరినట్లు, అవి నీరు రాతిని కరగించి చేసిన నెఱియలలో దిగును. నేల గడ్డకట్టు పొరకు దిగువకు చేరినచో బ్రదుకు, చేరకున్న చావు.

దీనిని శీతకాలనిద్ర యనుట మన వాడుక. పిల్లలకు చెప్పుటకు సులువే గాని, ఆ పేరు నాకు పూర్తిగా రుచింపదు. పాము నిద్రించుట లేదు. గుండె మిక్కిలి మెల్లగా కొట్టుకొనును, శరీరవ్యాపారములన్నియు మందగించును, కదలింపగా కొంచెము కదలును. లోనికి పోవుటకు ముందే అది ఆహారము మానును. చలిలో జీర్ణశక్తి నిలిచిపోవును గనుక కడుపులోని ఇర కుళ్లి ప్రాణము తీయవచ్చును. శక్తివ్యయము స్వల్పమగుటచే ఆకలికంటె, ఒడలిలోని నీరు ఆరిపోవుటయే పెద్ద గండము. కావుననే తేమగల బిలములు వానికి కావలెను. ఉత్తర అమెరికాలోని అడవికప్ప తన దేహమున మంచు కట్టినను వసంతమున మరల లేచును. గార్టరు పాము అట్టి స్థితిని కొలదిగంటలు మాత్రమే ఓర్వగలదు.

1999లో తీవ్రమైన చలి ముంచుకొనిరాగా, గడ్డకట్టు పొరను దాటి దిగలేక వేలకొలది పాములు నార్సిసులో చచ్చినవి. అంతకు ముందు డెబ్బదివేలకు పైబడియుండెడివి. ఆ నష్టము తరువాతనే, 17వ నంబరు రహదారిపై బండ్లక్రింద ఏటేట నలిగెడి పదివేల ప్రాణములను గూర్చి జనులకు చింత హెచ్చినది. కంచెలు కట్టి, బాట క్రిందుగా సొరంగములు అమర్చిరి. చావులు వేయికి లోబడినవి.

ఐరోపాలోని వైపర్ జాతి పామొకటి ఉత్తర ధ్రువవృత్తమునకు ఆవల స్కాండినేవియాలో సయితము జీవించుచున్నది. ఇదియు గార్టరు పామువలెనే గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. చల్లని మట్టిలో గ్రుడ్లు పొదుగబడవు. తల్లియే ఎండలో పరుండి, ఆ వేడిని కడుపులోని పిల్లలకు పంచును.