మదర్‌బోర్డు మార్పిడి తరువాత సిస్టమ్ ఇమేజ్ పునరుద్ధరణ: పాత తెలుగు ఫైళ్ల పరిరక్షణ దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాడైన మదర్‌బోర్డు స్థానంలో వేరొక బోర్డును అమర్చి, పూర్వం తీసిన సిస్టమ్ ఇమేజ్‌ను పునరుద్ధరించినప్పుడు కంప్యూటర్ తరచుగా బూట్ కాదు. అందుకు గల కారణాలను, పరిష్కార మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సిస్టమ్ ఇమేజ్, మదర్‌బోర్డు, డ్రైవరు, యూఈఎఫ్ఐ, బిట్‌లాకర్, అను ఫాంట్లు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు శాఖలలో యూనికోడ్ వాడుకలోకి రాకముందు సిద్ధమైన సిద్ధాంతగ్రంథాలలో అనేకం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చినవే. ఈ ఫాంట్లు తెలుగు అక్షరఖండాలను రోమన్ అక్షరాల సంకేతస్థానాలలో నిలుపుతాయి. అందువల్ల ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలును తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలును మాత్రమే పెన్‌డ్రైవులో దాచుకుంటే చాలదు. ఫాంట్లు, స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ అన్నీ కలిసి పనిచేసే స్థితి మొత్తాన్నీ దాచుకోవాలి. సిస్టమ్ ఇమేజ్ చేసే పని ఇదే.

మా విభాగంలోని విండోస్ 7 కంప్యూటర్‌లో మదర్‌బోర్డు కాలిపోయినప్పుడు మాకు ఇమేజ్ ఉందన్న ధైర్యం ఉండేది. క్షేత్రపర్యటనలలో సేకరించిన జానపదగేయాల పాఠం అందులోనే ఉంది. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. కొత్త బోర్డు అమర్చి ఇమేజ్‌ను పునరుద్ధరించాం. పని విజయవంతంగా పూర్తయిందన్న సందేశం కూడా వచ్చింది. కంప్యూటర్ మాత్రం విండోస్ చిహ్నం దాటి ముందుకు సాగలేదు.

2. బూట్ కాకపోవడానికి కారణాలు:

ఇమేజ్‌లో ఫైళ్లతో పాటు పాత యంత్రానికి చెందిన డ్రైవర్ల అమరిక కూడా ఉంటుంది. విండోస్ కెర్నల్ మేల్కొనగానే డిస్కును చదవడానికి డిస్క్ కంట్రోలర్ డ్రైవరు అవసరం. బూట్ సమయంలోనే పనిచేయవలసిన డ్రైవర్లు ఏవో రిజిస్ట్రీలో నమోదై ఉంటాయి. పాత బోర్డు ఐడీఈ పద్ధతిలో, కొత్త బోర్డు ఏహెచ్‌సీఐ లేదా రెయిడ్ పద్ధతిలో ఉంటే, కెర్నల్ తాను నివసిస్తున్న డిస్కునే గుర్తించలేదు. ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అనే నీలితెర సందేశానికి మూలం సాధారణంగా ఇదే. ఇక్కడ దత్తాంశం ఏమీ నశించలేదన్నది ముఖ్యం. కంగారుపడి డిస్కును ఫార్మాట్ చేయడమే అసలు నష్టం.

విండోస్ 7 విషయంలో మరొక చిక్కు ఉంది. ఆ వ్యవస్థలో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు సహజంగా లేవు. కనుక కొత్త బోర్డు మీద బూట్ అయినా కీబోర్డు, మౌస్ పనిచేయకపోవచ్చు.

మూడవది ఫర్మ్‌వేర్ భేదం. ఎంబీఆర్ విభజన గల డిస్కు నుండి తీసిన ఇమేజ్ యూఈఎఫ్ఐ పద్ధతిని మాత్రమే అంగీకరించే బోర్డు మీద బూట్ కాదు.

3. పరిష్కార మార్గాలు:

మొదట ఫర్మ్‌వేర్ సెట్టింగులలో డిస్క్ కంట్రోలర్ పద్ధతిని, బూట్ పద్ధతిని పాత యంత్రంలో ఉన్నట్లే మార్చి చూడాలి. ఖర్చులేని ఈ మార్గాన్ని చాలామంది చివర ప్రయత్నిస్తారు. అది ఫలించకపోతే రికవరీ డిస్కుతో బూట్ చేసి, డిస్మ్ ఉపకరణం ద్వారా కొత్త కంట్రోలర్ డ్రైవరును ఇమేజ్‌లోని విండోస్‌కు చేర్చవచ్చు. మాక్రియం రీడిప్లాయ్, ఆక్రోనిస్ యూనివర్సల్ రీస్టోర్ ఈ పనికోసమే రూపొందినవి. విండోస్ 10లో 1703 వెర్షన్ నుండి ఎంబీఆర్ డిస్కును జీపీటీగా మార్చే ఉపకరణం కూడా లభిస్తున్నది. సిస్‌ప్రెప్ గురించి కొందరు చెబుతారు గానీ, దానిని ఇమేజ్ తీయడానికి ముందే నడపాలి. బోర్డు కాలిపోయాక అది అక్కరకు రాదు.

బిట్‌లాకర్ అమలులో ఉన్న డిస్కును కొత్త బోర్డుకు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. తాళంచెవి పాత యంత్రంలోని టీపీఎంకు ముడిపడి ఉండడమే ఇందుకు కారణం. ఆ కీని అదే కంప్యూటర్‌లో దాచుకున్నవారిని చూశాను! విండోస్ లైసెన్సు కూడా ప్రధానంగా మదర్‌బోర్డునే ఆశ్రయించి ఉంటుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు సాధారణంగా వేరే బోర్డుకు బదిలీ కాదు.

4. వర్చువల్ యంత్రం:

పాత తెలుగు ఫైళ్ల కోసమే అయితే, కొత్త బోర్డు మీద పాత విండోస్‌ను బతికించాలన్న పట్టుదల అనవసరమని నా అభిప్రాయం. విండోస్ 7 తీసే సిస్టమ్ ఇమేజ్ వీహెచ్‌డీ రూపంలోనే ఉంటుంది. దాని ప్రతిని వర్చువల్‌బాక్స్‌కు తగిలించి, కంట్రోలర్‌ను పాత యంత్రంలో ఉన్నట్లే ఎంచుకోవచ్చు. అసలు బోర్డులో లేని వెసులుబాటు ఇది. మేము ఐడీఈ ఎంచుకోగా విండోస్ తెరుచుకుంది. పేజ్‌మేకర్‌లో గేయాలు తెలుగులోనే కనిపించాయి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ముగిసినందున ఆ వర్చువల్ యంత్రానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు.

తరువాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాం. మార్పిడిలో వత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు కొన్ని తారుమారయ్యాయి. మాండలిక రూపాలలో ఏది దోషమో, ఏది గాయకుల ఉచ్చారణో యంత్రం తేల్చలేదు. అందుకే పాత ఫాంటులోని పుటలను పీడీఎఫ్‌గా తీసి, పక్కన పెట్టుకొని, ఒక్కొక్క చరణాన్ని సరిచూస్తున్నాం.