దుకాణం వాట్సాప్ గ్రూపు పనికి రావాలంటే...

రంజాన్‌కి నెల ముందు జరిగిన సంగతి. మా చాచా టైలరింగ్ దుకాణం గ్రూపులో "ఆ ఆరు కుర్తాలకి కాలర్ వద్దు, పట్టీ పెట్టాలి" అని పొద్దున్నే మెసేజ్ పెట్టారు. దాని కింద గుడ్ మార్నింగ్ ఫోటోలు, క్రికెట్ వీడియోలు వరసగా వచ్చిపడ్డాయి. కటింగ్ మాస్టర్ సాయంత్రం గ్రూపు తెరిచేసరికి అసలు మాట ఎక్కడో పైకి పోయింది. ఆరింటికీ కాలర్ కుట్టేశారు. బట్ట ఖర్చు చాచా జేబులోంచే పోయింది.

తప్పు ఫోన్‌ది కాదు. మెసేజ్ పంపితే పని చెప్పేసినట్టే అనుకోవడం దగ్గరే చిక్కు. నీలం టిక్కులు వచ్చాయంటే చాట్ తెరిచారనే అర్థం, పని ఒప్పుకున్నారని కాదు. పైగా గ్రూపులో అందరూ చూస్తేనే అవి నీలం అవుతాయి. ఎవరు చూశారో తెలియాలంటే మీ మెసేజ్‌ని నొక్కిపట్టి 'ఇన్ఫో' చూడాలి.

మరేం చేయాలి?

ముందుగా పని గ్రూపు వేరు, కబుర్ల గ్రూపు వేరు పెట్టండి. ఒక మెసేజ్‌లో ఒకే పని రాయండి: ఆర్డర్ నంబర్, చేయాల్సింది, ఎవరు, ఎప్పటికి. చేసే మనిషి అదే మెసేజ్‌కి రిప్లై కొట్టి "సరే" అనాలి. ముఖ్యమైనదాన్ని పిన్ చేస్తే 30 రోజుల వరకు పైనే కనిపిస్తుంది. కొలతలు వాయిస్‌లో కాకుండా అంకెల్లో రాయండి, వెతికితే దొరుకుతాయి.

కస్టమర్ల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉంది, ఉచితమే. 'కొత్త ఆర్డర్', 'డబ్బు రావాలి' లాంటి లేబుళ్లు పెట్టుకోవచ్చు. రోజూ అడిగే ప్రశ్నలకి జవాబులు ముందే రాసి దాచుకోవచ్చు. దుకాణం మూసిన వేళల్లో దానంతట అదే జవాబు వెళ్లేలా పెట్టవచ్చు.

కొన్నిటికి మాత్రం చాట్ వద్దు. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇచ్చేయకండి, అకౌంట్‌లో డబ్బు పడిందో లేదో చూసుకోండి. అర్జెంటు పని ఉంటే కాల్ చేయండి. పనివాళ్లని అందరి ముందూ గ్రూపులో తిట్టకండి. రాత్రి పదింటికి మెసేజ్ పెట్టి వెంటనే జవాబు ఆశించకండి. ఇక లెక్కలంటారా, అవి ఖాతా పుస్తకంలోనే ఉండాలి. ఫోన్ పోతే చాట్ కూడా పోవచ్చు.

ఇప్పుడు చాచా దుకాణంలో రూలు ఒక్కటే: "సరే" అన్న రిప్లై లేకపోతే బట్ట మీద కత్తెర పడదు.