పాత పటం సాక్షి మాత్రమే

పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకూ నడుమ కొండల్లో ఉన్న 21 కొఠియా గ్రామాలు ఎవరివన్న తగాదా ఇంకా తెగలేదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. ఆ తర్వాతి హద్దు సర్వేలో ఈ ఊళ్లు కొలతకు రాకుండా మిగిలిపోయాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. యథాతథ స్థితి కొనసాగించమన్న కోర్టు, హద్దు ఎక్కడో తేల్చకుండానే 2006లో దావాను ముగించింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే, అది కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ వెళ్లింది. పాత పటాలు బయటికి తీస్తే తేలిపోదా అని చాలామంది అడుగుతారు. పటాలతోనే తేలదు.

వరంగల్ వైపువాళ్లకు ఈ చిక్కు అంత సులువుగా తోచదు. నిజాం కాలంలో ఇటు వరంగల్ జిల్లా, అటు బ్రిటిష్ వారి భద్రాచలం, మధ్యన గోదావరి. హద్దు కంటికి కనిపించేది. కొండల్లో అలా కాదు. 1:2,50,000 స్కేలు పటంలో అర మిల్లీమీటరు గీత నేల మీద 125 మీటర్ల వెడల్పు. ఒక గూడెం మొత్తం ఆ సిరా కింద పట్టేస్తుంది. పైగా ఎవరు గీశారు, ఆ కొండ ఎక్కి కొలిచారా, దేనికోసం గీశారు, అవతలివాళ్లు ఒప్పుకున్నారా అన్నవి గీతను చూసి తెలియవు. బుర్కినా ఫాసో, మాలీ తగాదాలో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ మాటే చెప్పింది: ఒప్పందంలో భాగంగా జతచేసిన పటమైతే వేరు, లేకుంటే పటం దానంతటది హక్కు ఇవ్వదు, ఇతర ఆధారాల పక్కన ఒక ఆధారం, అంతే.

మరి ప్రీయా విహార్ ఆలయం కాంబోడియాకు దక్కింది పటం వల్లే కదా అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. అప్పట్లో కాంబోడియాను ఏలిన ఫ్రాన్స్‌కూ సయాంకూ (ఇప్పటి థాయిలాండ్) నడుమ 1904లో కుదిరిన ఒప్పందం, అక్కడి హద్దు నీళ్లు రెండు వైపులకూ విడిపోయే గట్టు వెంట పోవాలంది. ఫ్రెంచి అధికారులు తయారుచేసిన పటం మాత్రం గుడిని కాంబోడియా వైపు చూపింది. పటం తప్పని థాయిలాండ్ వాదించింది. కానీ ఆ పటాలు అందినప్పుడు సయాం మంత్రి యువరాజు దామ్రోంగ్ అభ్యంతరం చెప్పకపోగా కృతజ్ఞతలు తెలిపి, మరో 15 ప్రతులు అడిగాడు. 1930లో ఆయన ఆ గుడికి వెళితే ఫ్రెంచి జెండా కింద ఫ్రెంచి అధికారి స్వాగతం పలికాడు. అప్పుడూ సయాం నోరెత్తలేదు. 1962లో న్యాయస్థానం బరువు ఇచ్చింది ఈ మౌనానికి. గీత కచ్చితంగా ఉందా లేదా అన్నది ఆ తీర్పులో రెండో మాట.

అలాగైతే ఆక్రమించి కూర్చున్నవాడిదే నేల అవుతుందన్న భయం న్యాయమైనదే. దానికీ 1986 తీర్పులోనే జవాబుంది: చట్టబద్ధమైన హక్కు ఒకరికి ఉండి, పాలన మరొకరు చేస్తుంటే, హక్కున్నవారికే మొగ్గు. అంటే హడావుడిగా వేసిన రోడ్డూ పెట్టిన బోర్డూ కొఠియాలో ఎవరినీ గెలిపించవు. చూడవలసింది ఒడిశాను ఏర్పరచిన 1936 నాటి ఉత్తర్వు మాటలను, వివాదం ముదరకముందు శిస్తు ఎవరు వసూలు చేశారో చూపే రికార్డులను, వాటి పక్కన పటాలను. చాలా ఇళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి కాబట్టి ఇప్పటి కార్డులు ఏమీ రుజువు చేయవు.

రెండు ప్రభుత్వాలూ సర్వే ఆఫ్ ఇండియాను వెంటబెట్టుకుని, మిగిలిపోయిన ఆ 21 ఊళ్లనూ కలిసి కొలవాలి. అది తేలేదాకా బడి, వైద్యం, బియ్యం ఏ రాష్ట్రం ఇచ్చినా రెండోది అడ్డుపడకూడదు.