మనం ఇంట్లో లేకపోయినా మూసుకునే కోళ్ల గూడు తలుపు

నిరుడు ఒకరోజు నరసరావుపేట వెళ్లి చీకటి పడ్డాక ఇంటికొచ్చాను. గూడు తలుపు తెరిచే ఉంది. అడవి పిల్లి నాలుగు నాటు పెట్టల్ని ఎత్తుకుపోయింది. ఆ దెబ్బతోనే ఈ మోటారు తలుపు చేసుకున్నాను.

కావాల్సినవి: పాత కారులో అద్దం దించే 12 వోల్టుల మోటారు, బ్యాటరీ, టైమర్, రిలే, రెండు లిమిట్ స్విచ్‌లు, పల్చటి అల్యూమినియం రేకు, నైలాన్ తాడు. రేకు గాడిలో పైకీ కిందకీ జారాలి. మోటారు తాడు చుడితే తలుపు లేస్తుంది. రిలే ప్లస్, మైనస్ మార్చితే తాడు వదులవుతుంది, రేకు తన బరువుతోనే దిగుతుంది. మోటారు కిందకి నెట్టదు కాబట్టి కోడి అడ్డొచ్చినా నలిగిపోదు. పైనా కిందా ఉన్న స్విచ్‌లు మోటారుని ఆపుతాయి. వైరింగ్ వీడియోలో చూపించాను.

అసలు కిటుకు టైములో ఉంది. కోళ్లు పొద్దుగూకేసరికి వాటంతటవే గూట్లోకి చేరతాయి. మన పల్నాడులో పొద్దు జూన్ నెలాఖరులో 6:45 దాటాక, డిసెంబరు మొదట్లో 5:40కే గూకుతుంది. టైమర్ మార్చకపోతే చలికాలంలో పిల్లికి గంట సేపు తలుపు తెరిచి పెట్టినట్టే. పొద్దుగూకిన అరగంటకి మూసుకునేలా పది రోజులకోసారి సరిచేయండి. మొదటి వారం మాత్రం దగ్గరుండి కోళ్లు లెక్కపెట్టుకోండి. బయట మిగిలిపోయిన కోడి కోసం ఈ తలుపు మళ్లీ తెరుచుకోదు.