ఊరి దీపముల లెక్క

ఇంటికి కరెంటు బిల్లు వచ్చిన దినమున దానిని రెండుమారులు చదువని గృహిణి యుండదు. పోయిన నెలకంటె నూఱు రూపాయలు హెచ్చినచో కారణ మామెకు వెంటనే తోచును: పండుగకు చుట్టములు వచ్చిరి, లేదా ఫ్రిజ్జు తలుపు సరిగా పడుటలేదు. ఊరికిని అట్టి బిల్లొకటి కలదు. వీధిదీపములకును, మంచినీటి ట్యాంకు నింపు మోటారులకును, పంచాయతీ కచ్చేరికిని అయిన వ్యయమంతయు దానిలో నుండును. ఆ కాగితమును కన్నులార చూచినవారు మనలో నెందఱు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడియున్నవి. కనుక ఆ బిల్లు అనేక గ్రామములలో మన సోదరీమణుల బల్లమీదికే వచ్చుచున్నది. బకాయి పేరుకొన్నచో విద్యుత్ సంస్థవారు తీగ కోయుదురు. వీధి చీకటియగును, మోటారు నిలిచిపోవును. అట్టినాడు బిందె చంకను పెట్టుకొని పొలము బావికి నడువవలసిన దెవరో మేము చెప్పనక్కఱలేదు.

విద్యుత్తు సంగతి పంచాయతీకి మించిన పని యని కొందఱందురు. అది సరికాదు. 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు ఒప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. మంచినీరు, గ్రామములకు విద్యుత్తు, గాలి సూర్యరశ్మి మున్నగు సంప్రదాయేతర ఇంధనములు, ఇవన్నియు అందు గలవు. శాసనములో అక్షరములు గలవు. వానిని పనిలో పెట్టిన యూళ్లే అరుదు.

అట్టి యూరొకటి తమిళనాడున కోయంబత్తూరు జిల్లాలో, మేట్టుపాళయమునకు చేరువను గలదు. దాని పేరు ఓడందురై. 1996లో షణ్ముగము అను నాతడు అచట పంచాయతీ అధ్యక్షుడయ్యెను. ఇంటింటికి నీరీయవలెనని కుళాయిలు వేయించెను, వీధులకు దీపములు పెట్టించెను. ఊరు బాగుపడినకొలది కరెంటు బిల్లు పెరుగసాగెను. మంచిపని చేసిన ప్రతి పంచాయతీకిని తప్పని చిక్కిది. ఆయన దీపములను తగ్గింపలేదు. కరెంటు ఎక్కడనుండి వచ్చుచున్నది, దానిని మనమే పుట్టింపరాదా యని యాలోచించెను. 2003లో కట్టెకోత మిల్లుల వ్యర్థమును మండించి వాయువు తీసి, దానితో నీటి మోటారు నడుపు 9 కిలోవాట్ల యంత్రమును పెట్టించెను. నీరు తోడు ఖర్చు చాలవఱకు తగ్గెను.

అంతటితో ఆ పంచాయతీ తృప్తిపడలేదు. 2006లో 350 కిలోవాట్ల గాలిమర నొకదానిని కొనెను. వెల 1 కోటి 55 లక్షల రూపాయలు. ఒక పంచాయతీ కింత సొమ్మెక్కడిది? పన్నులనుండి కూడబెట్టినది 40 లక్షలు. తక్కిన 1 కోటి 15 లక్షలు బ్యాంకు అప్పు. గాలిమరను ఊరిలో నిలుపలేదు. పాలక్కాడు కనుమగుండ గాలి జోరుగా వీచు ఉడుమలైపేట ప్రాంతమున నిలిపిరి. అందు పుట్టిన విద్యుత్తు తంత్రులలో కలియును, లెక్క పంచాయతీ పేర వ్రాయబడును. ఏటికి సుమారు 6,75,000 యూనిట్లు పుట్టునని అంచనా. ఊరి యవసరము 4,50,000. మిగిలినది విద్యుత్ మండలి కమ్మి, వచ్చిన సొమ్ముతో అప్పు తీర్చుకొనిరి. షణ్ముగము తరువాత ఆయన భార్య లింగమ్మాళ్ ఆ పదవి నధిష్ఠించెను.

ఇది విని ప్రతి యూరును గాలిమర కొనవలెనని మేమనుట లేదు. మన జిల్లాలలో గాలి అన్నిచోట్ల నట్లు వీవదు. చేతిలో 40 లక్షలుండు పంచాయతీలును అరుదు. కాని ఆ యూరు గాలిమరకంటె ముందు చేసినపని యొకటి కలదు. తన బిల్లును తాను చదువుకొన్నది. ఆ పనికి అప్పు అవసరము లేదు.

చదివినచో నేమి తెలియును? ఒక చిన్న లెక్క చూతము. పాత ట్యూబులైటు చోకుతో కలిపి 50 వాట్లు తీసికొనును. దాని స్థానమున 18 వాట్ల ఎల్.ఇ.డి. దీపము చాలును. రాత్రికి 11 గంటల చొప్పున వెలిగించినచో, నూఱు స్తంభములకు పాతవి ఏటికి 20,000 యూనిట్లు తినును, క్రొత్తవి 7,200. విశాఖపట్టణమున 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వీధిదీపములను కూల్చిన పిమ్మట, నగరపాలక సంస్థ పాతరకమునే మఱల నిలుపక సుమారు 92 వేల ఎల్.ఇ.డి. దీపములను వేయించెను. ముందు పెట్టుబడి కేంద్ర ప్రభుత్వరంగ సంస్థయొకటి పెట్టినది. మిగిలిన కరెంటు సొమ్మునుండి వాయిదాలు చెల్లింపు. అదే నగరము 2018లో ముడసర్లోవ జలాశయముమీద 2 మెగావాట్ల సౌరఫలకములను తెప్పలవలె తేలించెను. వానికి భూమి అక్కఱలేదు. నీడ పడుటచే నీరును కొంత ఆవిరిగాక మిగులును.

దీపము మార్చుటకన్న ముందు దానిని ఆర్పుట నేర్వవలెను. పట్టపగలు వెలుగు వీధిదీపములను చూడని పల్లె యున్నదా? దీనికి నిర్లక్ష్యమొక్కటే కారణము కాదు. అనేక గ్రామములందు వీధిదీపములకు వేఱుగా తీగ లేదు. ఇండ్లకు పోవు తీగనుండియే దీపమునకు కరెంటు వచ్చుచున్నది. కనుక ఇండ్లకు కరెంటున్నంతసేపు దీపము వెలుగవలసినదే. మూడవ తీగ లాగి, మీటయు మీటరును బిగించినచో ఆ వ్యయము ఆగును. ఆ పని ఫలము బిల్లుమీద మఱునెలలోనే కనబడును.

నీటి సంగతి యింకను పెద్దది. తల విఱిగిన కుళాయినుండి రాత్రియంతయు కాలువలోనికి పోవు నీరు ఒకప్పుడు కరెంటుతో ట్యాంకెక్కిన నీరే. కుళాయి బిరడా వెల కొలదియే. దానిని బిగింపని దోషమునకు మోటారు అదనపు గంటలు తిరుగును. ఈ విషయమున వీధి స్త్రీలకు తెలిసినంత ఇంజనీరునకును తెలియదు. ఏ కుళాయి కారుచున్నదో, ట్యాంకు ఎప్పుడు పొరలునో వారి కెఱుకయే.

సౌరదీపపు స్తంభములగూర్చి మాత్రము ఒకమాట చెప్పవలెను. ప్రారంభోత్సవమున పూలదండలతో నిలిచిన స్తంభములలో ఎన్నో బ్యాటరీ చచ్చియో, దొంగల పాలయ్యో మోడులవలె నిలిచియున్నవి. బ్యాటరీని కొన్నియేండ్లకు మార్చవలెను. ఆ సొమ్ము మొదటి లెక్కలోనే ప్రక్కకు తీసిపెట్టనిచో స్తంభము పాతకుండుటయే మేలని మా యభిప్రాయము.

2015-16నుండి ప్రతి పంచాయతీయు ఏటేట అభివృద్ధి ప్రణాళికను గ్రామసభయెదుట తయారుచేయవలసియున్నది. ఆ సభకు పోవు సోదరీమణులు మూడు కాగితములను అడిగి చదివించుకొనవచ్చును: గత పండ్రెండు నెలల కరెంటు బిల్లులు, ఊరి మీటర్ల జాబితా, మోటారు రోజుకెన్ని గంటలు నడిచినదో చెప్పు పుస్తకము. మూడవది అనేక యూళ్లలో లేనేలేదు. లేనిచోట నలువది పేజీల నోటుపుస్తకమొకటి కొని, మోటారు వేయువాని చేతి కిచ్చి, వేసిన గంటయు ఆపిన గంటయు ఆనాటినుండియే వ్రాయింపవచ్చును.